విస్బీ కోటగోడల మధ్య, చేత్తో కుట్టిన గౌనులో

నీనెస్‌హామ్న్ ఓడరేవులో, క్యూలో నా ముందు నిలబడ్డాయన ఒక చేత్తో చక్రాల సూట్‌కేసు లాగుతున్నాడు. వీపున చెక్క డాలు వేలాడుతోంది. ఆయన వెనకే ఇద్దరు పిల్లలు, మోకాళ్ల దాకా దిగిన ఉన్ని అంగీల్లో, ఐస్‌క్రీమ్ తింటూ నిలబడ్డారు. చుట్టూ ఉన్నవాళ్లెవరూ వాళ్లని వింతగా చూడటం లేదు.

"అక్కా, మనం గూడ ఇక్కడ్నే ఏసుకుందామా?" అంది నాతో వచ్చిన వరంగల్ అమ్మాయి.

"వద్దమ్మా, దిగాక వేసుకుందాం" అన్నాను. తొమ్మిది నెలలు కుట్టిన గౌను. మొదటిసారి ఓడ బాత్రూములో వేసుకోవడానికి నాకు మనసొప్పలేదు.

స్టాక్‌హోమ్ నుంచి లోకల్ రైల్లో గంట, ఆపైన ఓడలో మూడు గంటల పైచిలుకు ప్రయాణం చేస్తే బాల్టిక్ సముద్రం మధ్యలో గోట్లాండ్ దీవి వస్తుంది. దాని ప్రధాన పట్టణం విస్బీ. 1984 నుంచి ఏటా ఆగస్టు మొదట్లో అక్కడ వారం రోజులు మధ్యయుగపు ఉత్సవం జరుగుతుంది. స్వీడిష్‌లో దాన్ని మేడెల్టీడ్స్‌వేకన్ అంటారు, అంటే మధ్యయుగ వారం. మేము నలుగురం వెళ్లాం. నేను, వరంగల్ అమ్మాయి, నా ఆఫీసులో పనిచేసే స్వీడిష్ స్నేహితురాలు, ఆమె భర్త. వాళ్లిద్దరికీ ఇది కొత్త కాదు. పదేళ్లుగా వెళ్తున్నారు, ఏడాదికో కొత్త అంగీ కుట్టుకుంటారు. మమ్మల్ని ఈ దారి పట్టించింది వాళ్లే.

ఉత్సవానికి ఇలాంటి బట్టలతోనే రావాలని ఎవరూ అనరు. జీన్సులో వచ్చేవాళ్లు బోలెడంతమంది. కానీ మా స్నేహితురాలు నవంబర్‌లోనే తన నియమం చెప్పేసింది. "ఉన్ని, లినెన్, సూది. మిషన్ వద్దు." ఆ చలికాలమంతా గురువారం సాయంత్రాలు ఆమె వంటింట్లోనే గడిచాయి. డిసెంబర్‌లో స్టాక్‌హోమ్‌లో మూడింటికల్లా చీకటి పడిపోతుంది. ఆ చీకట్లో ఒకే దీపం కింద నలుగురం కూర్చుని కుట్టుకోవడం, ఈ దేశం వచ్చాక నాకు దొరికిన మంచి అలవాట్లలో ఒకటి.

గౌను ఎలా కత్తిరించాలో గ్రీన్‌లాండ్ శ్మశానం ఒకటి నేర్పింది. గ్రీన్‌లాండ్ దక్షిణ తీరంలో హెర్యోల్ఫ్స్‌నెస్ అనే చోట 1921లో డెన్మార్క్ పురావస్తు శాస్త్రవేత్త పౌల్ నోర్లుండ్ తవ్వకాలు చేశాడు. ఒకప్పుడు అక్కడ స్థిరపడ్డ, స్కాండినేవియా మూలాలున్న నార్స్ జనం, చనిపోయినవాళ్లకి పాత బట్టలే చుట్టి పాతిపెట్టారు. గడ్డకట్టిన నేలలో ఆ గౌన్లు, అంగీలు, తలకప్పులు చాలావరకు పాడవకుండా దొరికాయి. ఇప్పుడవి కోపెన్‌హాగెన్ జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. రాజులవీ రాణులవీ పటాల్లో కనిపిస్తాయి గానీ, మామూలు మనుషుల బట్ట చేతికి దొరకడం చాలా అరుదు. అందుకే ఇలా కుట్టుకునేవాళ్లందరూ హెర్యోల్ఫ్స్‌నెస్ పేరు ఎంతో గౌరవంగా తలుచుకుంటారు.

ఆ కత్తిరింపు చూసి నాకు నోట మాట రాలేదు. ముందు వెనకలకి నిటారు పలకలు. నడుము దగ్గర్నుంచి కింద ఘేరు కోసం పొడవాటి త్రికోణపు ముక్కలు, మన దర్జీలు కలీలు అంటారే, అవి. వాటిని బట్ట మీద ఒకదానికొకటి తలకిందులుగా పేరిస్తే మధ్యలో ఖాళీయే మిగలదు. చంక దగ్గర ఒక చిన్న ముక్క పెడితే చెయ్యి హాయిగా పైకి లేస్తుంది. మూడున్నర మీటర్ల ఉన్ని బట్టలో చివరికి మిగిలిన పీలికలన్నీ నా దోసిట్లో పట్టాయి. మా నాయనమ్మది మంగళగిరి, పెళ్లయిన దగ్గర్నుంచి గుంట మగ్గం మీదే బతికింది. "మగ్గం మీంచి దిగిన గుడ్డకి కత్తెర పెట్టాలంటే చెయ్యి వణకాలే" అనేది. ఆ మాట పూర్తిగా అర్థమవడానికి నేను ఇంత దూరం రావాల్సి వచ్చింది. పడుగూ పేకా మనిషి చేత్తో పడ్డప్పుడు జానెడు గుడ్డ పారేయడం ఎవరికీ మనసొప్పదు. మంగళగిరైనా అంతే, గ్రీన్‌లాండ్ అయినా అంతే.

రంగు వేసిన రోజు గురించి చెప్పకుండా ఉండలేను. ఏప్రిల్‌లో వాళ్ల పెరట్లో పెద్ద స్టీలు గుండిగ పెట్టి, ముందు బట్టని పటిక నీళ్లలో నానబెట్టాం. తర్వాత ఎండిన వేళ్ల పొడి వేశాం. స్వీడిష్‌లో క్రాప్ అంటారు, మన మంజిష్ఠకి దగ్గరి చుట్టం. నీళ్లు మరిగితే ఎరుపు పోయి గోధుమరంగు తేలుతుందని, డెబ్బై డిగ్రీలు దాటకుండా స్నేహితురాలి భర్త థర్మామీటర్ పట్టుకుని కాపలా కాశాడు. ఆవిరి పైకి లేవగానే నాకు పెడన గుర్తొచ్చింది. చిన్నప్పుడు అక్కడ కలంకారీ అద్దకం చూడ్డానికి వెళ్తే, రాగి గుండిగల్లోంచి ఇదే మట్టి వాసన. కోస్తాలో పాతకాలంలో ఎరుపు కోసం వాడిన చిరివేరులోనూ, ఈ యూరప్ వేరులోనూ రంగునిచ్చే ముఖ్యమైన పదార్థం ఒక్కటే, అలిజరిన్. పటిక పట్టించడం కూడా రెండుచోట్లా ఉంది. బట్ట తీసి నీళ్లలో జాడించినప్పుడు కాల్చిన ఇటుక రంగు తేలింది. దాన్ని తీగ మీద ఆరేసి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

విస్బీ సముద్రం మీంచే కనిపిస్తుంది. ముందు పెద్ద చర్చి మూడు నల్లటి శిఖరాలు, తర్వాత సున్నపురాతి కోటగోడ. పదమూడో శతాబ్దంలో కట్టిన ఆ గోడ దాదాపు మూడున్నర కిలోమీటర్లు ఊరి చుట్టూ ఇంకా నిలబడే ఉంది. హాన్సా అనే ఉత్తర ఐరోపా వర్తకుల కూటమి కాలంలో బాల్టిక్ వ్యాపారానికి ఇది పెద్ద కూడలి. అప్పటి రేవు పూడిపోయి ఇప్పుడు అల్మెదాలెన్ అనే పార్కు అయింది. బాతులు తిరిగే ఆ గడ్డి మీద ఒకప్పుడు ఓడలు ఆగేవంటే నమ్మబుద్ధి కాలేదు. 1995లో యునెస్కో ఈ పట్టణాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

బసలో బట్టలు మార్చుకోవడానికి గంట పట్టింది. ముందు లినెన్ లోగౌను. తర్వాత మోకాళ్ల దాకా ఉన్ని మేజోళ్లు, అవి జారకుండా మోకాలి కింద నేసిన పట్టీ. ఆపైన గౌను. జిప్పు లేదు, హుక్కు లేదు, తలమీంచి వేసుకోవడమే. తలకి తెల్లటి ముసుగు చుట్టే పని మాత్రం మా ఇద్దరికీ ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. చున్నీకి పిన్నులు పెట్టి అలవాటైన చేతులు కదా. వరంగల్ అమ్మాయి నా ముసుగు సర్ది, రెండడుగులు వెనక్కి వేసి చూసింది. "మంచిగున్నవ్ అక్కా" అంది. బయటికి అడుగుపెట్టగానే కలీలన్నీ ఒక్కసారి విచ్చుకుని కాళ్ల చుట్టూ తిరిగాయి. అద్దంలో చూసినప్పుడు తెలియలేదు. నడిస్తేనే తెలిసింది ఆ త్రికోణాలు ఎందుకో. పెద్ద అంగ వేసినా గౌను కాలికి అడ్డం పడదు.

సంతలో కొమ్ముతో చేసిన చెంచాలు, కుండలు, తోలు సంచులు, నేసిన పట్టీలు. కమ్మరి కొలిమి దగ్గర పిల్లలు గుంపుగా నిలబడ్డారు. ఎక్కడో తిత్తి సన్నాయి మోగుతూనే ఉంది. ఒక కుర్రాడు మాకు వేళ్లకి దారపు ఉచ్చులు తగిలించి తాడు అల్లడం నేర్పాడు. మధ్యాహ్నం తిన్న కుంకుమపువ్వు పాన్‌కేక్ మాత్రం ఎన్నాళ్లైనా మర్చిపోను. బియ్యం, పాలు, బాదం, కుంకుమపువ్వు కలిపి ఓవెన్‌లో కాలుస్తారు. పైన మీగడ, సల్మ్‌బార్ అనే నల్లటి పళ్ల జామ్. ఈ దీవి సొంత వంట అది. పరమాన్నాన్ని ముక్కలుగా కోసి పెట్టినట్టుంటుంది. ఇద్దరం రెండోసారి తెప్పించుకున్నాం.

రెండో రోజు మధ్యాహ్నం వాన పట్టుకుంది. ఉన్ని గురించి అప్పటిదాకా వినడమే. అరగంట తడిసినా నీళ్లు పైపైన పూసల్లా నిలిచాయి తప్ప లోపలి లినెన్ పొడిగానే ఉంది. కానీ నా తోలు బూట్లకి అడుగున పట్టు లేదు. తడిసిన గుండ్రాళ్ల వీధిలో కాలు జారింది. పడిపోకుండా గోడ పట్టుకున్నాను గానీ, మడమ కింద అంచు చిక్కి, నడుము దగ్గర కలీ కొస పర్రుమని విడిపోయింది. నాలుగు వేళ్లు దూరేంత. ఏడుపొచ్చినంత పనైంది.

చౌరస్తా పక్కనే సాంక్తా కారిన్ అనే చర్చి శిథిలం ఉంది. ఫ్రాన్సిస్కన్ సన్యాసులు పదమూడో శతాబ్దంలో మొదలుపెట్టింది. కప్పు ఎప్పుడో పోయింది, ఆకాశం కింద రాతి కమానులు మాత్రం నిలబడి ఉన్నాయి. వాన తెరిపివ్వగానే అక్కడ ఒక రాయి మీద కూర్చుని, సంచిలోంచి సూదీ లినెన్ దారం తీశాను. దారానికి తేనె మైనం రాస్తుంటే ఒకావిడ వచ్చి పక్కన కూర్చుంది. డెబ్బై ఏళ్లుంటాయి, వెలిసిపోయిన నీలం గౌను. పలకరింపు కూడా లేకుండా నా గౌను అంచు పట్టుకుని లోపలి వైపుకి తిరగేసింది. కుట్లు చూసింది. వేలితో తడిమింది.

మా నాయనమ్మ అచ్చం ఇలాగే చేస్తుంది. ఎవరు కొత్త చీర కట్టుకొచ్చినా ముందు కొంగు తిరగేసి వెనక వైపు చూస్తుంది. ముందు వైపు ఎవరైనా బాగుచేస్తారంటుంది.

ఆవిడ నా చేతిలో సూది తీసుకుని చూపించింది. నేను కలీని అంచు దగ్గర మొదలుపెట్టి పైకి కుట్టుకొచ్చాను. అందుకే కొస దగ్గర బట్ట ముడుచుకుని, కుట్టుకి పట్టు లేకుండా పోయింది. కొస దగ్గరే మొదలుపెట్టాలి. అక్కడ అయిదారు కుట్లు దగ్గర దగ్గరగా, ప్రతి కుట్టూ ఒకడుగు వెనక్కి వేసి ముందుకెళ్లాలి. అక్కడ్నుంచి ఒక వైపు కిందికి, మళ్లీ కొసకి వచ్చి రెండో వైపు కిందికి. చీలిక పైభాగంలో లోపల చిన్న లినెన్ ముక్క ఆసరా వెయ్యాలి. ఒక వైపు ఆవిడ వేసింది, రెండో వైపు నాతో వేయించింది. నా స్వీడిష్ అంతంత మాత్రమే, ఆవిడ పెద్దగా మాట్లాడనూ లేదు. పూర్తయ్యాక మళ్లీ ఒకసారి తిరగేసి చూసి, నా మోకాలి మీద తట్టి వెళ్లిపోయింది. ఆవిడ వేసిన కుట్లు ఇప్పటికీ విప్పలేదు, విప్పను.

మర్నాడు పొద్దున్నే మా స్నేహితురాలు కోటగోడ బయటికి, కోర్స్‌బెత్నింగెన్ అనే చోటికి తీసుకెళ్లింది. అక్కడ ఒక రాతి శిలువ ఉంది. ఉత్సవం గుర్తుచేసుకునేది ఈ సంఘటననే. 1361 జూలై 27న డెన్మార్క్ రాజు వాల్దెమార్ అట్టెర్దాగ్ సైన్యం ఇక్కడ గోట్లాండ్ రైతుల్ని ఊచకోత కోసింది. దాదాపు 1800 మంది చనిపోయారని అంచనా. గోడలోపలి వర్తకులు తలుపులు తెరవలేదు. తర్వాత రాజుతో రాజీపడి ఊరు కాపాడుకున్నారు. రాజు మూడు బీరు పీపాలు పెట్టించి వెండి బంగారాలతో నింపమన్నాడన్న కథని ఉత్సవంలో నాటకంగా వేస్తారు. నాకు మాత్రం ఆ పీపాల కంటే మూసిన తలుపే ఎక్కువ గుర్తుండిపోయింది.

1905లోనూ, 1928-30ల్లోనూ ఇక్కడి సామూహిక సమాధులు తవ్వారు. వెయ్యికి పైగా మనుషుల ఎముకలు బయటపడ్డాయి. వాళ్లలో పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లలున్నారు, ముసలివాళ్లున్నారు. మండు వేసవి కావడంతో ఇనుప కవచాలు కూడా విప్పకుండా హడావిడిగా పూడ్చేశారు. ఊళ్లోని మ్యూజియంలో ఇనుప వలల తలకప్పు పుర్రెని అంటిపెట్టుకునే ఉంది. ఆ ఇనుము కింద ప్రతి ఒక్కరికీ ఒక లినెన్ చొక్కా ఉండే ఉంటుంది. ఇంట్లో ఎవరో ఒకరు దీపం దగ్గర కూర్చుని కుట్టి ఉంటారు. శిలువ దగ్గర నేనూ వరంగల్ అమ్మాయీ చాలాసేపు మాట్లాడుకోలేదు. సంతలో ఎంతో సరదాగా ఉన్న ఆ బట్టలే అక్కడ ఒంటి మీద బరువుగా అనిపించాయి.

తిరుగు ప్రయాణంలో, ఓడ డెక్ మీంచి మంగళగిరికి వీడియో కాల్ చేశాను. నాన్న ఫోన్ నాయనమ్మకిచ్చాడు. గౌను చూపించాను, ముసుగు చూపించాను. ఆవిడకి అవేం పట్టలేదు.

"దగ్గరికి పెట్టవే. ఇంకా దగ్గరికి. ఆ తిప్పి చూపించు."

అంచు తిరగేసి కెమెరాకి ఆనించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. బట్ట మీద ఏటవాలుగా పోయే సన్నటి గీతల్ని చూస్తున్నట్టుంది.

"ఇది మన నేత కాదే. మగ్గం కింద రెండు చెక్కలు తొక్కితే ఈ గీత రాదు. నాలుగు తొక్కాలి."

పక్కనున్న స్నేహితురాల్ని అడిగాను. ఆమెకి ఇంట్లో సొంత మగ్గం ఉంది. నాలుగు వేళ్లు చూపించి, నాయనమ్మకి కనబడేలా ఫోన్ ముందుకి వచ్చింది.