ఫ్లెమింగోలు సైబీరియా నుంచి రావు

జనవరిలో ఒక ఉదయం మా అన్నయ్య కూతురిని వెంటబెట్టుకుని సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద, అటకానితిప్ప దగ్గర ఆగాను. పులికాట్ సరస్సు మధ్యగా సాగే ఆ దారికి రెండు వైపులా మోకాలి లోతు నీళ్లే. మనవాళ్లు రాజహంసలని పిలుచుకునే ఫ్లెమింగోలు ఆ నీళ్లలో వందల సంఖ్యలో తలలు దించి మేస్తున్నాయి. "బాబాయ్, ఇవి ఏ ఊరివి?" అని పాప అడగగానే పక్కన నిలబడ్డ ఒక పెద్దాయన "సైబీరియా నుంచి వస్తాయమ్మా" అని నా కన్నా ముందే చెప్పేశారు. ప్రతి శీతాకాలంలోనూ ఇదే మాట ఎక్కడో ఒకచోట అచ్చవుతూనే ఉంటుంది కనుక ఆయనను తప్పుపట్టలేను.

పులికాట్‌కు వచ్చే సూదితోక బాతుల వంటివి కొన్ని నిజంగానే ఆ ఉత్తరాది చలిదేశాల పక్షులు. ఫ్లెమింగోలను కూడా మనం వాటితో కలిపేశాం. పెద్ద ఫ్లెమింగో అనే జాతి పక్షులు సహజంగా గూళ్లు కట్టే చోట్లలో అన్నిటికన్నా ఉత్తరాన ఉన్నది కజకిస్తాన్‌లోని తెంగిజ్ ఉప్పు సరస్సు. సైబీరియాలో వీటికి గూళ్లు లేవు. మన దేశంలో వీటి పుట్టిల్లు గుజరాత్‌లోని కచ్ మహా రణ్. వానాకాలంలో అక్కడి ఉప్పుబయలు నీటితో నిండినప్పుడు, చుట్టూ నీళ్లున్న మిట్టమీద బురదను ముక్కుతో పోగుచేసి, అడుగు ఎత్తు దిబ్బలుగా గూళ్లు కట్టి, గూటికి ఒక్క గుడ్డు పెడతాయి. 1945లో అక్కడికి వెళ్లిన పక్షి శాస్త్రవేత్త సలీం అలీ దాదాపు 5 లక్షల పక్షులు ఉండవచ్చని అంచనా వేశారు. నీరు ముందే ఇంకిపోతే నక్కలూ కుక్కలూ నడిచి గూళ్ల దాకా చేరుకుంటాయి, ఆ ఏడు సంతానం దక్కదు. అందుకే వానలు సరిగా లేని ఏడు అవి గూళ్ల జోలికే వెళ్లవు.

ప్రపంచంలో ఫ్లెమింగోలు 6 జాతులు. వాటిలో నాలుగు అమెరికా ఖండాలవి. బొలీవియాలో సముద్రమట్టానికి 4,000 మీటర్లకు పైన ఉన్న లగునా కొలొరాడాలో, రాత్రిళ్లు నీటి అంచులు గడ్డకట్టే చలిలోనూ ఇవి కనిపిస్తాయి. తూర్పు ఆఫ్రికాలో చిన్న ఫ్లెమింగో అనే జాతి పక్షులు గూళ్లు కట్టేది ప్రధానంగా టాంజానియాలోని నేట్రాన్ సరస్సులో. అక్కడి నీళ్లలో క్షారం ఎంత ఘాటుగా ఉంటుందంటే మనిషి చర్మం ఓర్చుకోలేదు. మంచు పడే ఎత్తులనూ మండే లోయలనూ కలిపేది లోతు తక్కువగా ఉన్న ఉప్పునీరు లేదా క్షారజలం. చాలా రకాల చేపలు బతకలేని అలాంటి నీళ్లలో మేతకు పోటీ తక్కువ, వేటాడే జంతువులూ అంత సులువుగా రాలేవు.

ఆ మేత తీరును ఆ రోజు బైనాక్యులర్‌లో చాలాసేపు చూశాను. ఒక పక్షి తల నీటిలో ముంచి, ముక్కును తలకిందులుగా పెట్టి, ఉన్నచోటనే కాళ్లతో బురదను తొక్కుతూ నెమ్మదిగా గుండ్రంగా తిరిగింది. పైకి లేచిన బురదనీటిని అది నాలుకతో లోపలికి లాగి బయటికి నెడుతూ ఉంటే, ముక్కు అంచుల్లోని సన్నని పళ్లు జల్లెడలా పనిచేసి చిన్న రొయ్యలనూ పురుగులనూ నాచునూ లోపల ఆపేస్తాయి. ఆ మేతలో దొరికే కెరోటినాయిడ్లనే రంగు పదార్థాల వల్లనే ఈకలకు గులాబీ రంగు వస్తుంది. పుట్టినప్పుడు పిల్లలు బూడిద రంగులో ఉంటాయి.

ఈ పని సాగాలంటే నీటి అడుగు దాని కాళ్లకు అందాలి. ఈశాన్య రుతుపవనాల వానలు కురిశాక పులికాట్ నిండి, తరవాత నెలల్లో మెల్లగా తగ్గుతూ వాటికి సరిపడే లోతుకు వస్తుంది. వేసవిలో ఉత్తర భాగం ఎండి పగుళ్లు బారేసరికి అవి ఎగిరిపోతాయి. వీటిని "విదేశీ అతిథులు" అని పిలిచే అలవాటు నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే అతిథి వస్తే సంతోషిస్తాం, రాకపోతే ఊరుకుంటాం. ఇవి ఏడాదిలో కొన్ని నెలలు తిని బతికేది మన నీళ్లలోనే. రాయదొరువు, కొండూరుపాళెం వైపు సముద్ర ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతే ఉప్పునీరు లోపలికి రాదు. అప్పుడు ఒడ్డున వల వేసే మత్స్యకారుడికీ, నీటిలో నిలబడే ఈ పక్షికీ కలిగే నష్టం ఒక్కటే.

పెద్దాయనకు కచ్ సంగతి చెబితే ఆయన శ్రద్ధగా విని, "అయితే మన దేశం పక్షులేనన్నమాట" అన్నారు. సాయంత్రం తిరిగి వస్తున్నప్పుడు అదే చోట మళ్లీ ఆగాం. పొద్దున నీళ్లున్న అంచు కొంత వెనక్కి తగ్గింది, తేలిన బురదలో అవి తొక్కిన గుండ్రటి గుంటలు వరసగా కనిపించాయి. పాప రోడ్డు గట్టు మీద నిలబడి వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పదిహేడు దాకా వచ్చేసరికి చీకటి పడింది.