వాతాగ్రాలు నాకు అర్థమైంది డాబా మీద

గ్రూప్-1 కోసం అశోక్‌నగర్‌లో హాస్టల్లో దిగి ఎనిమిది నెలలైనా జాగ్రఫీలో ఓ నాలుగు పేజీలు మాత్రం నాకు లొంగలేదు. వాయురాశులు, వాతాగ్రాలు. అంటే ఒకే గుణమున్న పెద్ద గాలి ముద్దలు, అవి ఎదురుపడే సరిహద్దులు. నేను చదివింది బీకాం. కోచింగ్‌లో సారు ఆ పాఠాన్ని ఇరవై నిమిషాల్లో తేల్చేశారు. "మ్యాపులో నీలం త్రిభుజాలుంటే శీతల వాతాగ్రం, ఎర్ర అర్ధవృత్తాలుంటే ఉష్ణ వాతాగ్రం. బిట్లకు ఇది చాలు." బిట్లకు చాలేమో. మెయిన్స్‌లో ప్రశ్న వస్తే త్రిభుజాలు గీసి లేచి రాలేం కదా.

చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని బట్టీ పట్టాను. "వెచ్చని గాలి చల్లని గాలి పైకి ఎక్కుతుంది." ఎందుకు ఎక్కాలి? పొద్దున్నే బకెట్‌లో వేడినీళ్లు, చన్నీళ్లు కలిపితే గోరువెచ్చగా అవుతున్నాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చోవడం లేదు. గాలులు మాత్రం ఎందుకు కలవవు? ఈ ప్రశ్న అడిగితే నవ్వుతారని ఎవర్నీ అడగలేదు. అదే నేను చేసిన తప్పు, నెల రోజులు పోయాయి.

చివరికి ఫ్రిజ్‌లో పెట్టుకునే పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా తెచ్చి, మధ్యలో అట్టముక్క అడ్డం పెట్టాను. ఒకవైపు నీలిమందు కలిపిన ఐసునీళ్లు, రెండోవైపు కుంకుమ కలిపిన గీజర్ నీళ్లు. అట్ట నానిపోయి రెండూ అక్కడే కలిసిపోయాయి, పరుపు మీదికి కూడా కాస్త పారాయి. రెండోసారి ప్లాస్టిక్ ఫైలు కవరు కత్తిరించి, అంచులకు మెస్‌లో అడిగి తెచ్చిన చపాతీ పిండి మెత్తాను. పది నిమిషాలు ఆగి కవరును మెల్లగా పైకి లాగాను.

నీలం నీళ్లు ముందు కదిలాయి. డబ్బా అడుగునే పాకుతూ, ముందు భాగం కాస్త ఉబ్బి, పాము తలలాగా ఎర్ర నీళ్ల కిందికి దూరాయి. ఎర్రవి చేసేదేం లేక ఆ తల మీదుగా పైకి లేచి వెనక్కి మళ్లాయి. సరిహద్దు దగ్గర చిన్న సుడులు తప్ప పెద్దగా కలవలేదు. కాసేపటికి కింద నీలం, పైన ఎరుపు, రెండు పొరలు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన మా రూమ్మేట్ మంచం మీంచి తొంగిచూసి, "ఏందక్కా, ఇది జాగ్రఫీనా, పానకమా?" అంది.

బకెట్‌లో ఎందుకు కలుస్తాయో అప్పుడు తట్టింది. మనం ధారగా పోస్తాం, చెయ్యి పెట్టి తిప్పుతాం. కదపకుండా వదిలేస్తే చల్లనిది బరువు కాబట్టి కిందికి చేరుతుంది. వాయురాశి అంటే చిన్న గాలి కాదు, వందలు, వేల కిలోమీటర్ల మేర ఒకేచోట రోజుల తరబడి నిలబడి, అక్కడి వేడినో చలినో, తేమనో పొడినో ఒంటబట్టించుకున్న గాలి. అంత పెద్ద వాటిని కలపడానికి చెయ్యి పెట్టేవాళ్లు లేరు.

ఆ తర్వాత పుస్తకం తేలికైంది. చల్లగాలి ముందుకు తోసుకొచ్చే శీతల వాతాగ్రం వాలు ఎక్కువ, అంటే వంద కిలోమీటర్లకు సుమారు ఒక కిలోమీటరు ఎత్తు. వెచ్చని గాలి ముందుకొచ్చే ఉష్ణ వాతాగ్రం వాలు దానికన్నా బాగా తక్కువ. అందుకే మొదటిదాంట్లో వెచ్చని గాలి ఒక్కసారిగా ఎగసి ఉరుముల మేఘాలు లేస్తాయి, రెండోదాంట్లో మెల్లగా జారుతూ ఎక్కి పొరలు పొరలుగా మబ్బు పట్టి గంటల తరబడి తుంపర పడుతుంది. చల్లని గాలి వెనకనుంచి వచ్చి ఉష్ణ వాతాగ్రాన్ని పట్టేసుకుంటే మధ్యనున్న వెచ్చని గాలి నేలనే వదిలేస్తుంది, అది ఆక్లూడెడ్ ఫ్రంట్. మొదటి ప్రపంచయుద్ధం ముగుస్తున్న రోజుల్లో నార్వేలోని బెర్గెన్‌లో వాతావరణ శాస్త్రజ్ఞుడు విల్హెల్మ్ బ్యెర్క్‌నెస్, ఆయన కొడుకు యాకోబ్, మరికొందరు ఇదంతా విప్పిచెప్పారు. వాతాగ్రాన్ని ఇంగ్లిష్‌లో ఫ్రంట్ అంటారు, ఆ మాట యుద్ధరంగం నుంచే తెచ్చుకున్నారు. ఆ సంగతి మాత్రం మా సారు చెప్పి ఉంటే బాగుండేది, సరిహద్దు తగాదా అంటే మనకు వెంటనే ఎక్కుతుంది.

అసలు చిక్కు ఇంకోటి. ఇవన్నీ సమశీతోష్ణ మండలాల కథలు. హైదరాబాద్ ఉన్నది 17 డిగ్రీల అక్షాంశం దగ్గర, పుస్తకంలో గీసిన వాతాగ్రం ఇక్కడిదాకా రాదు. మన వాతావరణ బులెటిన్లలో "విదర్భ నుంచి తెలంగాణ మీదుగా ద్రోణి/గాలి విచ్ఛిన్నతి" అని ఉంటుంది. ఈ "గాలి విచ్ఛిన్నతి" ఏమిటో తేల్చుకుందామని ఏప్రిల్ అంతా నోట్‌బుక్‌లో రోజూ మధ్యాహ్నం మూడింటికి ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ (గాలి ఎంతకు చల్లబడితే అందులోని తేమ నీటిబొట్లవుతుందో ఆ ఉష్ణోగ్రత, తేమ ఎక్కువైతే ఇదీ ఎక్కువ), గాలి దిక్కు రాశాను.

రెండు వారాలకే కనిపించింది. వాయవ్యం నుంచి వీస్తే డ్యూ పాయింట్ 9, 10. ఆగ్నేయం నుంచి, అంటే బంగాళాఖాతం వైపు నుంచి వీస్తే 19, 20. ఉష్ణోగ్రత మాత్రం రెండు రకాల రోజుల్లోనూ 38, 39! మన దగ్గర తగాదా వేడికీ చలికీ కాదు, పొడికీ తేమకీ. ఆ రెండు గాలులు ఎదురుపడే గీతే విచ్ఛిన్నతి. ఇక్కడే ఇంకో దెబ్బ తిన్నాను. ఉక్కపోత గాలి బరువని నమ్మకంగా రాసి పెట్టుకున్నా. తప్పు. నీటి అణువు బరువు 18, నైట్రోజన్ 28, ఆక్సిజన్ 32. ఆవిరి వాటి స్థానంలో చేరితే గాలి తేలికవుతుంది. బరువనిపించేది మనకు, చెమట ఆరక.

మే మొదటివారంలో ఒకరోజు సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తున్నాం. నాలుగున్నరకు గాలి ఆగిపోయింది. పడమటివైపు నల్లగా ఉంది, వాన ఇంకా మొదలుకాలేదు. ఉన్నట్టుండి దుమ్ముతో కలిసి చల్లని గాలి ఒక్క తోపు తోసింది. రూమ్మేట్ ఫోన్‌లో బారోమీటర్ ఉంది, అందులో గాలి పీడనం రెండు హెక్టోపాస్కల్స్ పైకి ఎగబాకింది. పది నిమిషాల తర్వాత చినుకులు. దూరాన పడుతున్న వాన గాల్లోనే కొంత ఆవిరై గాలిని చల్లబరుస్తుంది, ఆ బరువైన గాలి కిందికి దూకి నేల మీద నలువైపులా పరుగెత్తుతుంది. మాకు తగిలింది దాని అంచే. గస్ట్ ఫ్రంట్ అంటారు, బుల్లి శీతల వాతాగ్రం. "అక్కా, నీ నీలం నీళ్లు!" అని అరిచింది రూమ్మేట్. నా చున్నీ ఒకటి పక్క బిల్డింగ్ వాటర్ ట్యాంక్ మీద పడింది.

అప్పట్నుంచి బట్టలు ఉతికేముందు నన్నడగడం మొదలుపెట్టింది. మొన్న డ్యూ పాయింట్ 21, గాలి ఆగ్నేయం, పైన ఆరేయొద్దన్నాను. తేమ ఒక్కటీ ఉంటే చాలదు, దాన్ని పైకి నెట్టేదేదో ఉండాలన్నది మర్చిపోయాను. చుక్క పడలేదు. రాత్రి పది దాటాక గది నిండా తడి బట్టల వాసన మధ్య కూర్చుని, "ఇంతకీ మెయిన్స్‌లో ఇదే రాస్తవా అక్కా?" అని అడిగింది.