నిజాంపట్నం బురదలో మార్ఫిసా

పోయిన ఆదివారం మా మేనల్లుడు నిజాంపట్నం వైపు నుంచి వస్తూ వస్తూ ఒక థర్మోకోల్ డబ్బా తెచ్చాడు. వాడు రొయ్యల హ్యాచరీలో టెక్నీషియన్. "మావయ్యా, ఎప్పుడూ అడుగుతుంటావుగా, ఇవిగో పాలీకీట్లు" అంటూ డబ్బా వంటింటి గట్టు మీద పెట్టబోయాడు, మా ఆవిడ వద్దంటే వద్దని అరిచేసరికి వరండాలోకి తెచ్చుకున్నాం. గుంటూరు ఎండకి ఇవి ఎక్కువసేపు బతకవు కాబట్టి గడ్డకట్టించిన నీళ్ల సీసా ఒకటి గుడ్డలో చుట్టి లోపల పెట్టాడు, దాని పక్కన తడి బురదలో మెలికలు తిరుగుతూ ఆరేడు పురుగులు. పాలీకీట్లంటే పక్కల్లో వెంట్రుకల్లాంటి శూకాలుండే సముద్రపు పురుగులు.

చూడగానే ఎర్రలు అనుకుంటారు ఎవరైనా. చిన్నప్పుడు కాలువ గట్టున గాలానికి గుచ్చిన వానపాముల్లాగే ఉంటాయి, కాకపోతే కాస్త పెద్దవి. స్టీలు పళ్లెంలో వాడు తెచ్చిన ఉప్పునీళ్లు పోసి ఒకదాన్ని వేశాను. జానెడు పైనే ఉంది. ముందు భాగం గుండ్రంగా ఉండి, కొంచెం వెనక్కి వెళ్లేసరికి పట్టీలాగా చదునుగా అయిపోయింది. ఒంటి మీద వెలుగు పడితే నీలం, ఆకుపచ్చ మెరుపు. తల రెండు తమ్మెలుగా చీలినట్టు ఉంటుంది, దాని మీద పొట్టిగా ఐదు స్పర్శశృంగాలు. అసలు చూడాల్సింది పక్కల్ని. ప్రతి ఖండానికీ అటూ ఇటూ చిన్న పార్శ్వపాదాలు, వాటిలోంచి సన్నటి శూకాలు, కొంత దూరం పోయాక ఆ పాదాల మీద దువ్వెన పళ్లలా ఎర్రటి మొప్పలు మొదలవుతాయి. నీళ్లలో పడగానే ఆ మొప్పలు విచ్చుకుని, లోపల రక్తం కదిలినప్పుడల్లా ఎరుపు చిక్కబడుతూ పలచబడుతూ ఉంటే పళ్లెం ముందు నుంచి లేవబుద్ధి కాలేదు. బురద లోపల ఆక్సిజన్ చాలా తక్కువ, అందుకే రక్తంలో హిమోగ్లోబిన్, దాన్ని నీటికి దగ్గరగా పెట్టడానికి ఇన్ని మొప్పలు.

ఇది మార్ఫిసా. అనెలిడా వర్గం, పాలీకీటా విభాగం, యూనిసిడా క్రమం, యూనిసిడే కుటుంబం. మనం డిగ్రీలో చదివే నీరిస్ అనే సముద్రపు పురుగుకి చుట్టమే, కానీ దగ్గరి చుట్టం కాదు, నీరిస్‌ది వేరే కుటుంబం. యూనిసే అనే దగ్గరి ప్రజాతికి తల వెనక ఒక జత చిన్న తంతువులుంటాయి, మార్ఫిసాకి అవి ఉండవు, మొదట చూడాల్సిన తేడా అదే. ఇంతవరకూ లెన్సు చేతిలో ఉంటే ఎవరైనా చెప్పగలరు. ఆ తర్వాత జాతి పేరు దగ్గరే అసలు కథ మొదలవుతుంది, నేనీ పోస్టు రాస్తున్నదీ దాని కోసమే.

నేను చదువుకున్న కాలేజీ మ్యూజియంలో ఒక ఫార్మలిన్ సీసా ఉండేది. పురుగు మన తీరంలోనే పట్టింది, లేబుల్ మీద మాత్రం 'మార్ఫిసా సాంగ్వినియా, ఆవాసం: అన్ని సముద్రాలు' అని రాసి ఉండేది. రికార్డులో అలాగే ఎక్కించాను, వైవాలో అలాగే చెప్పాను, మార్కులూ వేశారు. ఆ లేబుల్ తప్పని తెలిసేసరికి చాలా ఏళ్లు పట్టింది, ఎవరూ సరిచేయలేదన్న బాధ ఇప్పటికీ ఉంది.

సాంగ్వినియా అన్న పేరు పెట్టింది ఇంగ్లిష్ ప్రకృతి శాస్త్రవేత్త మోంటగు, 1813లో, ఇంగ్లండ్ దక్షిణాన డెవన్ తీరంలో దొరికిన పురుగుకి. అప్పట్లో దాన్నీ నీరిస్‌లోనే కలిపేశాడు, మార్ఫిసా అన్న ప్రజాతి తర్వాత ఫ్రెంచి శాస్త్రవేత్త కాత్రఫాజ్ చేతిలో వచ్చింది. సాంగ్వినియా అంటే రక్తవర్ణం అని, ఆ మొప్పల్ని చూసే పెట్టి ఉంటాడు. ఆ తర్వాత వంద, నూటయాభై ఏళ్ల పాటు ప్రపంచంలో ఎక్కడ బురద తవ్వినా, ఎర్ర మొప్పల మార్ఫిసా కనిపిస్తే చాలు, అందరూ అదే పేరు రాసుకుంటూ పోయారు. ఆస్ట్రేలియాలో అదే, జపాన్‌లో అదే, మన దగ్గరా అదే. చల్లటి ఇంగ్లిష్ తీరంలో బతికే జీవి మన ఉడుకు బురదలో కూడా అదే జీవి ఎలా అవుతుంది? 2003లో హచింగ్స్, కరాజోర్గోపూలోస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు డెవన్ పురుగుని మళ్లీ శ్రద్ధగా వర్ణించి, దానికి కొత్తగా ఆధార నమూనాని, అంటే ఆ పేరు ఏ పురుగుదో తేల్చే నమూనాని, నిర్ణయించారు, తూర్పు ఆస్ట్రేలియాలో అదే పేరుతో చలామణీ అవుతున్న పురుగు వేరే జాతి అని తేల్చి దానికి మార్ఫిసా ముల్లావా అని పేరు పెట్టారు. అక్కడి నుంచి ఒక్కో దేశంలో ఒక్కో 'సాంగ్వినియా' విడిపోతూ వస్తోంది.

మనకైతే అంతకు ముందే ఒక పేరుంది. 1921లో రోలండ్ సదర్న్ అనే ఐర్లండ్ పరిశోధకుడు చిలికా సరస్సు పాలీకీట్ల మీద రాసిన పెద్ద వ్యాసంలో మార్ఫిసా గ్రేవ్లీ అనే కొత్త జాతిని వర్ణించాడు. చిలికా ఇప్పుడు ఒడిశా అంటాం గానీ ఆ రోజుల్లో దాని దక్షిణపు కొస గంజాం జిల్లాలో, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. పురుగుకి పెట్టిన పేరు కూడా తర్వాత మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్‌గా చేసిన గ్రేవ్లీది. 1931లో గోపాల అయ్యర్ మద్రాసు అడయారు నీళ్లలో మార్ఫిసా గుడ్లు ఎలా పెడుతుంది, పిల్ల ఎలా ఎదుగుతుంది అన్నది రాశారు, గుడ్లని జిగురు ముద్దలో పెడుతుందని. వందేళ్ల కిందటే మన తీరం మీద ఇంత పని జరిగితే, ఇంగ్లండ్ పేరు మన సీసాల మీద ఎందుకు మిగిలిపోయింది అన్నదే నా గొడవ. 2020లో హచింగ్స్ బృందమే మన దేశంలోని పరిశోధకులతో కలిసి మార్ఫిసా మద్రాసి అని ఇంకో కొత్త జాతిని మన తీరం నుంచి వర్ణించింది. అంటే మన బురదలో ఒకటి కాదు, ఒకటికి మించే ఉన్నాయి.

తేడా ఎక్కడ తెలుస్తుందంటే శూకాల్లో. ఒక పార్శ్వపాదం కోసి స్లైడ్ మీద పెట్టి చూస్తే కొన్ని శూకాలకి కొసలో కీలు ఉంటుంది, ఆ కీలు తర్వాతి ముక్క సూదిలా పొడుగ్గా ఉందా, కొడవలిలా వంకర తిరిగిందా అని చూడాలి. దువ్వెన ఆకారపు శూకాలు ఇంకో రకం, వాటికి ఎన్ని పళ్లున్నాయి, ఎంత సన్నగా ఉన్నాయి అన్నవి లెక్కకొస్తాయి. అదీ ఒక్క చోట చూస్తే చాలదు, ముందు భాగంలో ఒకలా, తోక దగ్గర ఇంకోలా ఉంటాయి. కంటికి ఆనని ఈ వెంట్రుకల మీదే ఒక జాతి నిలబడుతుంది.

ఇంకో సంగతి. మనం క్లాసులో పాలీకీటా, ఆలిగోకీటా (వానపాములు), హిరుడినియా (జలగలు) అని మూడు గదులుగా చెబుతాం. 2011 ప్రాంతంలో వచ్చిన జన్యు అధ్యయనాల ప్రకారం వానపాములూ జలగలూ ఈ సముద్రపు శూకపురుగుల వంశవృక్షంలోనే ఒక కొమ్మ. మా పిల్లలకి నేను పరీక్ష కోసం మూడూ చెప్పి, ఆ వెంటనే ఇదీ చెబుతాను.

ఆవాసం మాటకొస్తే, చాలామంది సూర్యలంక బీచ్‌లో తవ్వితే దొరుకుతుందనుకుంటారు. మేమూ ఒకసారి పొద్దున్నే వెళ్లి తవ్వాం, మార్ఫిసా ఒక్కటీ రాలేదు. అక్కడ అలలు తిన్నగా కొడతాయి, ఇసుక రోజూ కదులుతుంది, బొరియ నిలవదు. మార్ఫిసాకి కావాల్సింది కదలని బురద. మడచెట్ల వేళ్ల మధ్య, ఉప్పుకాలువ గట్ల కింద, పాటు వచ్చినప్పుడు బయటపడి పోటు రాగానే మునిగిపోయే నల్లటి బురద. వర్షాకాలంలో కృష్ణ నీళ్లు వచ్చి ఉప్పు తగ్గిపోయినా, ఎండాకాలంలో పెరిగిపోయినా తట్టుకునే ప్రాణులే అలాంటి చోట నిలుస్తాయి. గ్రేవ్లీ దొరికిన చిలికా కూడా అలాంటిదే, వానలకి తీపి, వేసవికి ఉప్పు.

పేరుతో రైతుకేం పని అని మా మేనల్లుడే అన్నాడు ఒకసారి. పని ఉంది. హ్యాచరీల్లో తల్లి రొయ్యలు గుడ్డుకి రావాలంటే పాలీకీట్లు మంచి మేత, వీటిలోని కొవ్వు ఆమ్లాలు అందుకు బాగా పనికొస్తాయి. 2005లో చెన్నైలోని ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ సిబా శాస్త్రవేత్తలు ఈ గ్రేవ్లీ మీదే పరీక్షలు చేసి, తెల్లమచ్చ వైరస్ పురుగులో ఉండి, దాన్ని తిన్న టైగర్ రొయ్య తల్లులకి అంటుతుందని చూపించారు. తెల్లమచ్చ అంటే మన ప్రాంతంలో చెరువు పెట్టిన ప్రతి ఇంట్లో ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. ఏ జాతి, ఏ కాలువలోది, దాని చుట్టూ రొయ్యల చెరువుల నీళ్లు కలుస్తున్నాయా అన్నది రాసుకోకుండా, పురుగు అంటే పురుగే అని కిలోల లెక్కన కొని వేసేస్తే, రేపు జబ్బు వచ్చినప్పుడు వెనక్కి వెతుక్కోవడానికి దారి ఉండదు.

ఆ సాయంత్రం పళ్లెంలో పురుగుని మెగ్నీషియం క్లోరైడ్ కలిపిన నీళ్లలో మత్తుగా పడుకోబెట్టాం, లేకపోతే ముడుచుకుపోయి మొప్పలు కనపడవు. తోక వైపు చిన్న ముక్క కోసి ఆల్కహాల్‌లో వేశాను, డీఎన్ఏ చూడాలంటే ఫార్మలిన్ పనికిరాదు. మిగతాది ఫార్మలిన్ సీసాలోకి. లేబుల్ మీద పెన్సిల్‌తో 'మార్ఫిసా' అని రాసి, శూకాలు చూశాక నింపుదామని పక్కన ఖాళీ వదిలి, కింద 'నిజాంపట్నం దగ్గర ఉప్పుకాలువ, మడచెట్ల కింద నల్లబురద, మూరెడు లోతు, పాటు వేళ' అని రాశాను. మేనల్లుడు చూసి, "ఉప్పు ఎంతో రాయలేదేంటి మావయ్యా" అన్నాడు. ఈసారి ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ జేబులో పెట్టుకుని వెళ్తానన్నాడు, ఆ గడి కోసం కింద ఒక గీత వదిలిపెట్టాను.