ఉదాహరణలో కనబడని నియమం

ఆదివారం, రాత్రి.

పొద్దున ఎంవీపీ కాలనీ రైతు బజారుకి వెళ్లి వచ్చేసరికి, గాజువాక హాస్టల్ నుంచి అక్క కూతురు వచ్చి కూర్చుంది. డిప్లొమా రెండో ఏడు. కాలేజీ కార్యక్రమానికి పేర్ల జాబితా తయారుచేసే పని దానికి అప్పజెప్పారట. కూరగాయల సంచి కింద పెట్టకముందే లాప్‌టాప్ తెరిచింది. "పిన్నీ, నేను రాసిన ప్రోగ్రామ్ కరెక్టే, కానీ కొందరి పేర్లే పాడవుతున్నాయి. నిన్నట్నుంచీ టెన్షన్‌గా ఉంది."

జాబితా ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. ప్రతి పేరు ముందూ వీఎస్‌కేపీ అని మన విశాఖ రైల్వే స్టేషన్ కోడ్, దాని పక్కన చిన్న గీత. అది తీసేస్తే పేరు మిగలాలి. రమణ, లక్ష్మి బాగానే వచ్చారు. కిరణ్ మాత్రం ఇరాన్ అయిపోయాడు. పద్మకి ముందున్న పీ పోయింది, శ్రీనుకి ఎస్ పోయింది.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, మాట మొదట్లో ఉన్న అక్షరాలు తీసేసే ఎల్‌స్ట్రిప్ అనే ఆదేశం వాడింది. ఎక్కడో చూసిన ఉదాహరణలో దానితో అంకెల ముందున్న సున్నాలు తీసేశారు. ఉదాహరణ తప్పు కాదు, మా పిల్ల ఆలోచనా తప్పు కాదు. అక్కడ తీసేయాల్సింది సున్నా ఒక్కటే. "ఇచ్చిన ముక్క మొదట్లో ఎన్నిసార్లున్నా తీసెయ్" అనే నియమమైనా, "ఇచ్చిన అక్షరాల్లో ఏది ఎదురైనా, వేరే అక్షరం వచ్చేదాకా తీసేస్తూ పో" అనే నియమమైనా జవాబు ఒకటే వస్తుంది. రెండిట్లో ఏది నిజమో ఆ ఉదాహరణని ఎన్నిసార్లు చూసినా తెలియదు. ఇవాళంతా నా మనసులో తిరిగింది ఇదే.

పైథాన్ డాక్యుమెంటేషన్, అంటే ఆ భాష తయారుచేసేవాళ్లే రాసిన వివరణ, తీయించాను. ఇచ్చే అక్షరాలు ఒక ముక్క కావని, వాటిలో ఏవి ఏ వరసలో ఉన్నా తొలగిపోతాయని ఒక్క వాక్యంలో రాసి ఉంది. కిందే ఉదాహరణ: ఆర్థర్ అనే పేరు, కోలన్, ఖాళీ తీసేసి "త్రీ" మిగల్చబోతే, ఆర్థర్‌లోనూ ఉన్న టీ, హెచ్, ఆర్ కూడా పోయి రెండు ఈలే మిగులుతాయి. మా కిరణ్ కథే! ముక్కను ముక్కగా తీసేయడానికి రిమూవ్‌ప్రిఫిక్స్ వాడమని కూడా అక్కడే ఉంది. అది 2020లో వచ్చిన 3.9 వెర్షన్‌తో చేరింది. అంతకు ముందు రాసిన ఉదాహరణల్లో అది ఎలా దొరుకుతుంది?

మార్చాక పేర్లన్నీ సరిగ్గా వచ్చాయి. "ఇది ముందే చదవలేదేం?" అంటే, "ఆ ఇంగ్లీషు చూస్తే భయమేస్తుంది పిన్నీ" అంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆ మాట నాకు బాగా తగిలింది. రుషికొండలో మా ఆఫీసులో కొత్తగా చేరే పిల్లల్లోనూ ఇదే చూస్తున్నాను. బుర్ర లేక కాదు, ఆ పేజీ తమ కోసం రాసింది కాదనుకుని ఉదాహరణని పట్టుకుని వేలాడతారు. నిజానికి డాక్యుమెంటేషన్ ఇంగ్లీషు చాలా చిన్నది. ఏం ఇవ్వాలి, ఏం తిరిగి వస్తుంది, ఇవ్వకపోతే ఏమవుతుంది, ఎప్పుడు ఎర్రర్ వస్తుంది. ఆ నాలుగు రకాల వాక్యాలే పేజీ పేజీకీ తిరిగి వస్తుంటాయి. కొన్ని పేజీలు పక్కన కూర్చుని చదివిస్తే చాలు, భయం పోతుంది. కాలేజీలో ఎవరైనా ఆ పని చేస్తే ఎంత బాగుండును!

అలాగని మొదటి రోజే డాక్యుమెంటేషన్ చేతిలో పెట్టమనను. 1985లో స్వెల్లర్, కూపర్ అనే పరిశోధకులు ఆల్జీబ్రా మీద చూపించారు: కొత్తగా నేర్చుకునేవాళ్లకి, లెక్కలు సొంతంగా చేయించడం కన్నా చేసిన లెక్కలు చూపించడమే ఎక్కువ ఉపయోగం. కోడ్ కూడా అంతే అని నా నమ్మకం. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఫర్ లూప్ ఎవరికైనా ముందు కళ్లతో చూస్తేనే తెలుస్తుంది. కానీ నడిచే ఉదాహరణ దొరికింది కదా అని అక్కడ ఆగిపోతేనే చిక్కు. దాన్ని కొంచెం చెడగొట్టి చూడాలి, ఒక సున్నా బదులు రెండు వేరువేరు అక్షరాలు ఇవ్వాలి. జవాబు వింతగా వస్తే అడగడానికి ఒక ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్నతో తెరిస్తే ఆ పేజీయే చదివిస్తుంది.

సాయంత్రం బీచ్ రోడ్డుకి వెళ్దామంటే రానంది. ఇంటిపేరునీ పేరునీ విడదీయాలట, మాటల్ని ముక్కలు చేసే స్ప్లిట్ అనే ఆదేశం పేజీ తెరిచి కూర్చుంది. కాసేపటికి పిలిచింది. ఏమీ ఇవ్వకుండా వాడితే పక్కపక్కనున్న ఖాళీలన్నీ ఒక్కటిగా లెక్కిస్తుందని, ఖాళీని చెప్పి ఇస్తే రెండు ఖాళీల మధ్య ఉత్త ముక్క ఒకటి వస్తుందని తనే చదివి, తనే నడిపి చూపించింది. జాబితాలో రెండేసి ఖాళీలున్న పేర్లు చాలానే ఉన్నాయి. మూడు ముక్కల పేర్లని ఏం చేయాలో ఇంకా తేలలేదు. వచ్చే ఆదివారం చూడాలి.