హైనాన్ బీచ్ సెలవులు: ముందు తీరం ఎంచుకోండి, తర్వాతే టికెట్

చైనా దక్షిణాన ఉన్న హైనాన్ దీవిలో బీచ్‌లకు పేరున్న ఊరు సాన్యా. అక్కడ హోటల్ వెతికేవాళ్లు చాలామంది ధర చూస్తారు, రేటింగ్ చూస్తారు, బుక్ చేసేస్తారు. అది ఏ తీరంలో ఉందో చూడరు. హైనాన్ సెలవులు బాగుండేదీ బెడిసికొట్టేదీ అక్కడే.

సాన్యా ఈ దీవికి దక్షిణపు కొసన, దాదాపు మన శ్రీకాకుళం అక్షాంశంలోనే ఉంది. రాజధాని హైకౌ ఉత్తరపు కొసన. జనవరిలో సాన్యాలో పగలు 25 డిగ్రీలు దాటి హాయిగా ఉంటే, హైకౌలో తరచూ మబ్బు, చలిగాలి, తుంపర. విమానం చవకని హైకౌలో దిగినా ఫర్వాలేదు, మకాం మాత్రం అక్కడ పెట్టకండి. దీవి చుట్టూ తిరిగే హైస్పీడ్ రైలు తూర్పు మార్గంలో రెండు గంటల లోపే సాన్యా చేరుస్తుంది.

ఇక తీరాలు. నవంబరు నుంచి మార్చి వరకు ఈశాన్య గాలులు వీస్తాయి. హైతాంగ్ బే తూర్పు ముఖంగా ఉంటుంది కాబట్టి అలల దెబ్బంతా దానిదే. అట్లాంటిస్ లాంటి పెద్ద రిసార్టులు, భారీ డ్యూటీ ఫ్రీ మాల్ అక్కడే ఉన్నాయి. గదిలోంచి సముద్రం అద్భుతంగా కనిపిస్తుంది, కానీ లోపలికి లాగే అలల వల్ల చాలాచోట్ల దిగొద్దని బోర్డులు పెడతారు. ఆ బోర్డులను తేలిగ్గా తీసుకోవద్దు. పిల్లలు హోటల్ ఈతకొలనులోనే ఆడుకుంటారనుకుంటే హైతాంగ్ మంచిదే, సముద్రంలో ఈదాలంటే కాదు. ఈతకు యాలాంగ్ బే మేలు. సుమారు ఏడున్నర కిలోమీటర్ల నెలవంక తీరం, దక్షిణ ముఖం, చుట్టూ కొండల చాటు. అందుకే చలికాలంలోనూ నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. ఊరికి దూరం, హోటల్ దాటితే తిండి ఖరీదు, అదొక్కటే లోటు. దాదోంగ్‌హై ఊళ్లోనే ఉంటుంది: చిన్న తీరం, జనం ఎక్కువ, నడిచి వెళ్లే దూరంలో హోటళ్లు. బడ్జెట్ తక్కువైతే అదే నయం. సాన్యా బే పొడవాటి కొబ్బరిచెట్ల తీరం, ఎయిర్‌పోర్టుకు దగ్గర. సూర్యాస్తమయం బాగుంటుంది, నీళ్లు అంత తేటగా ఉండవు. తెల్లారే విమానం ఉంటే చివరి రాత్రి ఇక్కడ గది తీసుకోండి. వృద్ధులు, పిల్లలు ఉన్న కుటుంబానికి మా ఓటు యాలాంగ్‌కే.

నెల విషయానికొస్తే నవంబరు చివర్నుంచి డిసెంబరు మధ్య వరకు, లేదా మార్చి. చైనా కొత్త సంవత్సరం రోజుల్లో గది అద్దె తడిసి మోపెడవుతుంది. 2027లో అది ఫిబ్రవరి 6న. ఆ వారాన్నీ, చైనా జాతీయ దినోత్సవ సెలవులుండే అక్టోబరు మొదటి వారాన్నీ వదిలేయండి. జులై నుంచి అక్టోబరు వరకు తుపాన్ల కాలం. 2024 సెప్టెంబరులో యాగి తుపాను వెన్‌చాంగ్ దగ్గర తీరం దాటింది. తుపాను హెచ్చరిక వస్తే విమానాలు, రైళ్లు, దీవికీ చైనా ప్రధాన భూభాగానికీ మధ్య చియోంగ్‌జౌ జలసంధిలో నడిచే ఫెర్రీలు అన్నీ ఆపేస్తారు. ఆ నెలల్లోనే వెళ్లక తప్పకపోతే రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి వచ్చే గదినే తీసుకోండి.

వీసా దగ్గర మన కుటుంబాల్లో ఒక చిక్కు ఉంది. హైనాన్‌కు 59 దేశాలవాళ్లు వీసా లేకుండా 30 రోజులు రావచ్చు. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, సింగపూర్ ఆ జాబితాలో ఉన్నాయి, భారత్ లేదు. డాలస్‌లో ఉండే జంటకు భారత పాస్‌పోర్టులు, పిల్లలకు అమెరికా పాస్‌పోర్టులు ఉంటే పిల్లలకు వీసా అక్కర్లేదు, తల్లిదండ్రులకు చైనా టూరిస్టు వీసా తప్పదు. మీరు అమెరికాలో ఏ వీసా మీద ఉన్నా, గ్రీన్ కార్డు ఉన్నా తేడా ఉండదు. ఈ వెసులుబాటు హైనాన్ వరకే. అక్కణ్నుంచి బీజింగ్ కూడా చూద్దామనుకుంటే ఆ నిబంధనలు వేరు.

హైదరాబాద్ నుంచి హాంకాంగ్‌కు నేరుగా విమానం ఉంది, అక్కణ్నుంచి సాన్యా దగ్గరే. రెండు టికెట్లూ ఒకే బుకింగ్‌లో ఉంటే సామాను నేరుగా వెళ్తుంది. విడివిడిగా కొంటే హాంకాంగ్‌లో బయటికొచ్చి బ్యాగులు తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి. అలా బయటికి రావాలంటే భారత పాస్‌పోర్టువాళ్లు ముందే ఆన్‌లైన్‌లో హాంకాంగ్ ప్రీ అరైవల్ రిజిస్ట్రేషన్ చేసుకుని ఉండాలి. అది లేకపోతే శంషాబాద్ కౌంటర్‌లోనే ఆపేయొచ్చు.

డబ్బు, ఫోన్ పనులు ఇంటి దగ్గరే ముగించండి. చైనాలో ఫోన్‌తో డబ్బు చెల్లించే యాప్ అలీపే వేసుకుని పాస్‌పోర్టుతో వెరిఫై చేసి, వీసా లేదా మాస్టర్ కార్డు కలపండి. రూపే పనిచేయదు. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ, ఆన్‌లైన్ లావాదేవీలు రెండూ ఆన్ చేయాలి, ఓటీపీ వచ్చే సిమ్‌కు రోమింగ్ ఉండాలి. చాలామంది ఇరుక్కునేది ఇక్కడే. 200 యువాన్లు దాటిన చెల్లింపుపై సుమారు 3 శాతం రుసుము పడుతుంది. వాట్సాప్, గూగుల్ హోటల్ వైఫైలో తెరుచుకోవు, ఇండియా సిమ్ రోమింగ్ డేటాలో తెరుచుకుంటాయి. దారికి ఆమాప్ అనే మ్యాప్ యాప్ వాడండి, టాక్సీకి అలీపేలోనే దీదీ ఉంది.

సాన్యా ఊళ్లో ఫస్ట్ మార్కెట్‌లో బతికున్న రొయ్యలు, పీతలు, చేపలు మనమే కొని, పక్క హోటల్లో వండించుకోవచ్చు. బోర్డు మీద ధర ‘జిన్’కు, అంటే అరకిలోకు. కిలో అనుకుంటే లెక్క రెట్టింపవుతుంది. రొయ్యల్ని వలగరిటెతో తీసి నీళ్లు పూర్తిగా కారాకే తూచమనండి, సంచిలో నీళ్లు కూడా తూకంలోకి వచ్చేస్తాయి. కాటా మీద అనుమానముంటే మూత తీయని అరలీటరు నీళ్ల సీసా పెట్టి చూడండి, 500 గ్రాములకు కాస్త పైన చూపాలి. వండే కూలి ఎంతో చెప్పించుకున్నాకే సంచి అప్పగించండి. మోసం జరిగిందనిపిస్తే ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 12345కి ఫోన్ చేయండి.

శాకాహారులు కొంచెం గట్టిగా సిద్ధపడాలి. ఆకుకూర వేపుడులోనూ పందికొవ్వు, ఆయిస్టర్ సాస్ పడుతుంటాయి. ఏమేం తినరో చైనీస్‌లో రాయించి ఫోన్‌లో పెట్టుకోండి. బౌద్ధుల కరుణాదేవత గ్వాన్‌యిన్ 108 మీటర్ల విగ్రహమున్న నాన్‌షాన్‌కు వెళ్లే రోజు భోజనం అక్కడే పెట్టుకోండి, బౌద్ధ క్షేత్రం కాబట్టి శాకాహార భోజనశాల ఉంది. కొబ్బరిపాలలో పెసలు, జెల్లీ ముక్కలు వేసిచ్చే చింగ్‌బూల్యాంగ్ చల్లగా, రుచిగా ఉంటుంది. కొన్నిచోట్ల అందులో కౌజుపిట్ట గుడ్డు వేస్తారు, వద్దని ముందే చెప్పాలి. చప్పగా అనిపిస్తే హైనాన్ పసుపు మిరపకాయ సాస్ అడగండి, గుంటూరు కారం తినేవాళ్లకూ నషాళానికి అంటుతుంది.

డైవింగ్, స్నార్కెలింగ్‌కు వూజీజౌ దీవి. హైతాంగ్ వైపు రేవు నుంచి పడవలు వెళ్తాయి. గాలి పెరిగితే ఆపేస్తారు కాబట్టి ఈ ప్రయాణాన్ని చివరి రోజుకు వాయిదా వేయకండి. మొదట్లోనే పెట్టుకుంటే రద్దయినా ఇంకో రోజు మిగులుతుంది.

తిరుగు ప్రయాణంలో గ్వాంగ్‌జౌ లాంటి చోటికి చైనా లోపలి విమానం ఎక్కాల్సి ఉంటే పవర్ బ్యాంకు చూసుకోండి. 2025 జూన్ 28 నుంచి చైనా భద్రతా ధ్రువీకరణ ‘త్రీసీ’ (3C) గుర్తు లేనివాటిని దేశీయ విమానాల్లోకి అనుమతించడం లేదు. మన దగ్గర కొన్న చాలావాటిపై ఆ గుర్తు ఉండదు.