చార్‌కమాన్ దారిలో సున్నపు పూలు

మా నాన్న నలభై ఏళ్లపాటు తాపీ పని చేసిన మనిషి. నల్లగొండ జిల్లా నుంచి పని వెతుక్కుంటూ హైదరాబాదు వచ్చి, మలక్‌పేట, సైదాబాదు చుట్టుపక్కల ఎన్నో ఇళ్లకు గోడలు లేపి, గిలాబు చేసి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాడు. మోకాళ్లు పట్టేయకుండా నడవమని డాక్టరు చెప్పినప్పటి నుంచి ప్రతి ఆదివారం తెల్లవారగానే ఇద్దరం బస్సెక్కి అఫ్జల్‌గంజ్‌లో దిగి, నయాపూల్ దాటి, మదీనా, పత్తర్‌గట్టి మీదుగా చార్మినార్ దాకా నడిచి వస్తున్నాం. ఈ దారిలో నేను చిన్నప్పటి నుంచి కొన్ని వందలసార్లు తిరిగాను. పెళ్లి బట్టలకు, గాజులకు, పండుగ సరుకులకు ఇక్కడికే వచ్చేవాళ్లం. అయినా ఈ దారి పొడవునా తలమీద ఏముందో నేను చూడటం మొదలుపెట్టింది నిరుడు శీతకాలంలో, అదీ నాన్న పక్కన నిలబడి చూపించబట్టే.

ఉదయం ఆరు గంటలకు అక్కడ దుకాణాలు తెరవరు. తోపుడుబండ్లు ఉండవు, ఆటోలు ఒకటీ అరా తిరుగుతుంటాయి. పగటిపూట ఆ రోడ్డు మీద ఒక్క నిమిషం ఆగినా వెనకనుంచి వచ్చేవాళ్లు తోసుకుంటూ పోతారు కాబట్టి, మనిషి చూపు ఎప్పుడూ ఎదుటివాడి వీపు మీదో, దుకాణం అద్దం మీదో ఉంటుంది. రోడ్డు మధ్యలో నిలబడి మెడ వెనక్కి వంచి చూసే వీలు ఆ తెల్లవారుజామున మాత్రమే దొరుకుతుంది. పాతబస్తీ కళను ఇంతకాలం మనం చూడకపోవడానికి ఇంత చిన్న కారణం కూడా ఉందని నాకు అప్పుడు తోచింది.

చార్మినార్ కట్టింది 1591లో. దానికి ఉత్తరంగా నాలుగు దిక్కులకూ నాలుగు కమానులతో ఉన్న చార్‌కమాన్ ఆ మరుసటి ఏడు, 1592లో వెలిసింది. మధ్యలో గుల్జార్ హౌజ్ అనే నీటి ఫౌంటెను, దానికి ఉత్తరాన మచిలీ కమాన్, తూర్పున కాలీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్, పడమట ఒకప్పుడు రాజభవనాలకు దారితీసిన షేర్-ఎ-బాతిల్ కమాన్. ఈ నాలుగు పేర్లూ నాకు చిరునామాలుగానే తెలుసు. ‘మచిలీ కమాన్ దాటగానే ఎడమచేతి వైపు దుకాణం’ అని చెప్పుకుంటాం తప్ప, ఆ కమాను మీది చేప బొమ్మ వల్లనే ఆ పేరు వచ్చిందన్న సంగతి కూడా ఎవరికీ పట్టదు. కరెంటు తీగలు, కేబుల్ చుట్టలు, పావురాల రెట్టలు, పగుళ్లలో మొలిచిన రావిమొక్కలు దాటుకుని చూపు పైకి పోవాలి. పోయినప్పుడు మాత్రం, ఆ ఎత్తున ఆ రాతి భుజాల మధ్య నాలుగు వందల ముప్పై ఏళ్లుగా ఒక నగరం మన తలల మీదుగా నిలబడి ఉన్నట్టు అనిపిస్తుంది.

నాన్న చూపు పట్టుకున్నది చేపను కాదు, గచ్చును, అంటే గోడ మీద సున్నంతో తీర్చిన పనిని. కుతుబ్‌షాహీల కాలపు మేస్త్రీలు గోడను గ్రానైటుతో లేపి, పైపనిని సున్నంతో చేశారు. మన గ్రానైటు ఉలికి అంత తొందరగా లొంగే రాయి కాదు, సన్నని తీగనూ లేత రేకునూ అందులో తీయడం చాలా కష్టం. సున్నం అలా కాదు. పచ్చిగా ఉన్నప్పుడు వేలికి లొంగుతుంది, ఆరాక రాయిలా గట్టిపడుతుంది. చార్మినార్ కమానుల భుజాల మీది గుండ్రటి పూలు, వసారాల అంచుల నగిషీ పని, మీనారు అడుగున విచ్చుకున్న తామర రేకులు, అన్నీ ఆ సున్నపు పనే. దూరం నుంచి చూస్తే రాతిలో చెక్కినట్టు కనబడతాయి. నేనూ ఇన్నేళ్లు అలాగే అనుకున్నాను.

“చెక్కింది కాదు బిడ్డా, పెట్టింది. ముద్ద పెట్టి, తాపీ మొనతోని తీసింది,” అన్నాడు నాన్న.

ఆ సున్నం తయారీ గురించి ఆయన చెప్పినంత వివరంగా నాకెవరూ చెప్పలేదు. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్లు చల్లి విరియబెట్టి, రోజుల తరబడి నానబెట్టి, ఎడ్లు తిప్పే రాతి గానుగలో ఇసుకతో కలిపి నూరాలి. అదే డంగు సున్నం. అందులో కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు పోస్తారు, పైపూతకు కోడిగుడ్డు తెల్లసొన కూడా కలిపేవారు. బెల్లం, కరక్కాయ సున్నాన్ని తొందరగా ఎండిపోనివ్వకుండా పట్టును పెంచుతాయి, తెల్లసొన నునుపును ఇస్తుంది. నాన్న చిన్నతనంలో తన మేనమామ దగ్గర ఈ పని చూశాడే కానీ చేతితో పెద్దగా చేయలేదు, ఎందుకంటే ఆయన తాపీ పట్టేనాటికి పల్లెల్లోకీ సిమెంటు వచ్చేసింది. “గానుగ గుండు మా ఊరి చెరువు గట్టు మీద ఊరికే పడి ఉండె,” అని చెప్పినప్పుడు ఆయన గొంతులో పశ్చాత్తాపం లాంటిది ఏదో వినబడింది.

ఒక ఆదివారం ప్రధాన రోడ్డు వదిలి ఒక గల్లీలోకి తిరిగాం. అక్కడ పాత దేవిడీ, అంటే ఒకప్పటి పెద్దింటి భవంతి, ఒకటి ఉంది. లోపలి భవనం ఎప్పుడో పోయి కొత్త ఇళ్లు లేచాయి గానీ, వీధి వైపు ద్వారం ఒక్కటి మిగిలి ఉంది. ఆ ద్వారపు కమాను కాలు దగ్గర, నా భుజం ఎత్తులో, అరచేయంత పువ్వు ఒకటి కనిపించింది. పైనున్నవాటిని చూడటమే గానీ, ఇలాంటి పనిని చేతితో తాకే వీలు అంతకుముందు రాలేదు. ఎనిమిది రేకులు. దూరం నుంచి అన్నీ ఒక్కలాగే ఉన్నాయి, దగ్గరికి పోయి వేలితో తడిమితే ఒకదాని కొన కొద్దిగా ఎడమకు వాలి ఉంది, మరొకటి మిగతావాటి కన్నా బొద్దుగా ఉంది, మధ్య బొడిపె మీద సన్నని గీతలు కొన్ని చోట్ల లోతుగా, కొన్ని చోట్ల పైపైన పడి ఉన్నాయి. అచ్చులో పోసిన పని ఇలా ఉండదని, ఒక మనిషి నిచ్చెన మీదో పరంజి మీదో కూర్చుని, సున్నం ఆరిపోయేలోపు ఒక్కో రేకూ తీశాడని నాన్న అన్నాడు. ఆ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూపించి, ఆ మేస్త్రి చేయి ఎటువైపు తిరిగి ఉండేదో కూడా చెప్పాడు. ఆ మనిషి పేరు ఏ శాసనంలోనూ దొరకదు. అతని చేతి కదలిక మాత్రం నా వేలి కింద ఉంది.

కానీ ఆ పువ్వు సగం కనబడటం లేదు. దాని మీద ఆకుపచ్చ రంగు, కింద పసుపు, దాని కింద తెలుపు, ఇంకా కింద నీలం, పెచ్చు ఊడిన చోట రూపాయి బిళ్లంత మందాన పొరలు లెక్కపెట్టవచ్చు. ఎవరో ద్వేషంతో చేసిన పని కాదు అది. ప్రతి ఏటా పండుగకు శుభ్రంగా ఉండాలని, పెళ్లికి కళకళలాడాలని, ప్రేమతో వేసిన రంగులే. పాత కట్టడాలను మనం పట్టించుకోకపోవడం వల్లనే పాడవుతున్నాయని నేను అంతవరకు నమ్మాను. పట్టించుకుని, ఏం పట్టించుకుంటున్నామో చూడకపోవడం వల్ల కూడా అంతే పాడవుతున్నాయని ఆ గల్లీలో అర్థమైంది. ఎనామిల్ రంగు ఒక్కో పూతకూ రేకుల మధ్య సందు కాస్త పూడుతుంది. యాభై పూతలకు పువ్వు గుండ్రటి బొడిపె అయిపోతుంది.

సిమెంటు చేసే నష్టం ఇంకా పెద్దది, అది నాన్నకు నాకన్నా బాగా తెలుసు. సున్నపు గోడ వానకు నీరు పీల్చి, ఎండకు ఆవిరిగా వదిలేస్తుంది. దాని పగులు మీద సిమెంటు పామితే లోపలి చెమ్మ బయటికి రాలేక, పక్కనున్న పాత సున్నాన్నే తినేస్తుంది, చివరికి అతుకుతో పాటు చుట్టూ ఉన్న పనీ పెచ్చులుగా రాలుతుంది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు 2013 నుంచి చేపట్టిన పునరుద్ధరణలో, ఇరవయ్యో శతాబ్దంలో పామిన సిమెంటును తొలగించి మళ్లీ సున్నపు గచ్చే వేయించడానికి కారణం ఇదే. చార్మినార్ మీనారు నుంచి 2019లో గచ్చు ముక్క ఒకటి రాలి పడినప్పుడు రెండు రోజులు అందరూ దాని గురించి మాట్లాడుకున్నారు. రాలకముందు ఆ ముక్క మీద ఏ పువ్వు ఉండేదో చెప్పగలిగినవాళ్లు మాత్రం నాకు కనబడలేదు. నేనూ చెప్పలేను.

పత్తర్‌గట్టికి కొద్ది దూరంలోనే ఉన్న బాద్‌షాహీ ఆషుర్‌ఖానాకు మేము వెళ్లింది డిసెంబరులో. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కాలంలో, 1590లలో కట్టిన ఆ పీర్ల కొట్టం గోడల మీద 1611 ప్రాంతంలో రంగు పెంకుల పని చేయించారు. నీలం, పసుపు, ఆకుపచ్చ, ముదురు గోధుమ రంగుల పెంకు ముక్కలను వేర్వేరుగా కోసి, సందు కనబడకుండా అతికి, పీర్ల ఆకారాలనూ లతలనూ నిలబెట్టారు. చెప్పులు విడిచి లోపలికి పోతే, వీధి రొద వెనకబడి, ఉదయపు వెలుగులో ఆ పసుపు నిప్పులా మెరిసింది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు గోడల కింది భాగంలోని పెంకులు దెబ్బతిన్నాయి. పోయిన చోట పెంకు బదులు రంగుతో అదే నమూనాను గీయించారు. ఇప్పుడు జాగ్రత్తగా చూస్తే, వరద వచ్చిన గోడ మీద పెంకు ఆగి రంగు మొదలయ్యే చోటు కనబడుతుంది. నాన్న అక్కడ చాలాసేపు నిలబడ్డాడు. పెంకు పని మళ్లీ చేయగలవాళ్లు దొరకకపోయినా, ఖాళీగా వదలకుండా ఆ గీతను గీతగానైనా కొనసాగించినవాళ్ల మీద ఆయనకు గౌరవం కలిగింది. నాకు ముందు ఆ రంగు పని వెలితిగా తోచింది, ఆయన మాట విన్నాక ఆ గోడను ఇంకోసారి చూశాను.

కార్వాన్‌లోని టోలీ మసీదుకు మాత్రం వేరే రోజు, వేరే బస్సులో వెళ్లాం. గోల్కొండ నుంచి పురానాపూల్‌కు వచ్చే పాత దారి మీద, ఒకప్పుడు వజ్రాల వర్తకులు బిడారులతో దిగిన పేటలో అది ఉంది. 1671లో మూసాఖాన్ కట్టించాడు. మక్కా మసీదు పనికి ఖర్చయిన ప్రతి రూపాయికీ ఒక దమ్‌డీ, అంటే ఆనాటి చిన్న నాణెం, చొప్పున ఆయనకు దక్కిన సొమ్ముతో కట్టాడని చెప్పుకుంటారు, అందుకే దమ్‌డీ మసీదు అనీ అంటారు. ముందువైపు అయిదు కమానులు, రెండు మీనార్లు. ఆ మీనార్ల మీద అడుగడుక్కీ పట్టీలుగా సాగిన గచ్చు పని చూశాక, చార్మినార్ కన్నా ఇదే నాకు ఎక్కువ నచ్చిందని చెప్పడానికి సంకోచించను. మేము అక్కడ ఉన్న గంటసేపట్లో మమ్మల్ని తప్ప ఆ గోడల్ని చూడటానికి మరెవరూ రాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆ గల్లీలోని దేవిడీ ద్వారం దగ్గరికి మళ్లీ పోదామని నాన్నే అడిగాడు. ఇంటాయన మెట్ల మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. నాన్న ఆయనకు ఆ పువ్వు చూపించి, ఈసారి రంగు వేయించేటప్పుడు దీన్ని వదిలేయమని, వేయాల్సి వస్తే సున్నం ఒక్కటే పలచగా కొట్టించమని, తన వచ్చీరాని ఉర్దూలో చెప్పాడు. ఆయన లేచి వచ్చి, తన ఇంటి ద్వారం కాలి దగ్గర వంగి, మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. ఆ తర్వాత లోపలికి పిలిచి తన మనవణ్ని కూడా తీసుకొచ్చి నిలబెట్టాడు. ఆ పిల్లవాడు రేకుల మీద వేలు పెట్టి, ఒక్కొక్కటే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.