నేను ఫెమినిస్ట్‌ని కాదు గానీ...

మొన్న ఆఫీసులో ఒకమ్మాయి నా సీటు దగ్గరకొచ్చి చాలాసేపు కూర్చుంది. తన తర్వాత చేరిన అబ్బాయికి తనకంటే జీతం ఎక్కువని ఎలాగో తెలిసిందట, వెళ్లి మేనేజర్‌ని అడిగితే "అతనికి ఇల్లు గడవాలి కదమ్మా" అన్నాడట. చెప్పాల్సిందంతా చెప్పి, కళ్లు తుడుచుకుని, లేచి వెళ్తూ వెళ్తూ "నేనేం ఫెమినిస్ట్‌ని కాదు గానీ, ఇది అన్యాయం కదక్కా" అంది. ఆ 'గానీ' దగ్గర నాకు నవ్వొచ్చింది. నవ్వే సందర్భం కాదు కాబట్టి ఆపుకున్నా. ఒకప్పుడు నేనూ ఇదే మాట అనేదాన్ని, ఇంచుమించు ఇదే గొంతుతో.

సాయంత్రం తనకో మెసేజ్ పెడదామని మొదలుపెడితే ఇంత పొడుగైంది. అందుకే ఇక్కడ పెడుతున్నా.

ముందు ఆ పేరు సంగతి. 19వ శతాబ్దంలో ఫ్రెంచి వైద్యులు 'ఫెమినిజం' అనే మాటని ఆడ లక్షణాలు కనిపించే మగ రోగుల విషయంలో వాడారు, అంటే అదో జబ్బు పేరు. 1880ల్లో యూబెర్టీన్ ఓక్లేర్ అనే ఆవిడ దాన్ని తీసుకుని నేను ఫెమినిస్ట్‌ని అని చెప్పుకుంది. ఓటు లేనప్పుడు పన్ను మాత్రం ఎందుకు కట్టాలని ప్రభుత్వంతో గొడవ పెట్టుకున్న మనిషి ఆవిడ. 'సఫ్రజెట్' అనే మాటా అంతే, 1906లో ఓటు కోసం పోరాడే ఆడవాళ్లని వెక్కిరించడానికి ఒక లండన్ పత్రిక పుట్టించింది, వాళ్లు దాన్నే తమ పత్రికకి పేరుగా పెట్టుకున్నారు. ఇక బ్రాలు తగలబెట్టారన్న కథ ఉంది చూశారూ, 1968లో అట్లాంటిక్ సిటీ అందాల పోటీ బయట జరిగిన నిరసనలో నిజానికి మంటే లేదు. బ్రాలు, హైహీల్స్, అతికించుకునే కనురెప్పల వెంట్రుకలు ఒక చెత్త డబ్బాలో పడేశారు, అంతే. యాభై ఏళ్లు దాటినా ఆ లేని మంట ఇంకా ఆరలేదు.

నన్నడిగితే ఈ చరిత్రంతా సంతకం చుట్టూ తిరుగుతుంది. ఎవరి సంతకం చెల్లుతుంది, ఎవరి పనికి ఎవరి అనుమతి కావాలి అన్నదే గొడవ.

పాత ఇంగ్లండు చట్టంలో పెళ్లయ్యాక భార్యాభర్తలు ఒకే వ్యక్తి. వినడానికి బాగానే ఉంటుంది, కానీ ఆ ఒక్క వ్యక్తీ భర్తే. ఆమె కూలి డబ్బులు అతనివి, పుట్టింటి నుంచి వచ్చిన నగానట్రా అతనివి, ఆమె పేరుతో ఒప్పందం రాసుకుంటే చెల్లదు. 1870లో ఒక చట్టం వచ్చి ఆమె సంపాదన ఆమెదే అంది, మిగతా ఆస్తి సంగతి తేలడానికి 1882 దాకా పట్టింది. ఫ్రాన్స్‌లో అయితే విప్లవం వచ్చి మనుషులంతా సమానమని ప్రకటించారు, ఆ 'మనుషులు'లో ఆడవాళ్లు లేరని గమనించి ఒలింప్ ద గూజ్ 1791లో స్త్రీల హక్కుల ప్రకటన విడిగా రాసింది. స్త్రీకి ఉరికంబం ఎక్కే హక్కు ఉన్నప్పుడు ప్రసంగవేదిక ఎక్కే హక్కు కూడా ఉండాలి కదా అని అందులో వాదించింది. రెండేళ్లకి, రాజకీయ రాతల నేరం మోపి, ఆవిడ తల తీసేశారు.

1840లో లండన్‌లో బానిసత్వానికి వ్యతిరేకంగా ప్రపంచ మహాసభ పెట్టారు. అమెరికా నుంచి సముద్రం దాటి వచ్చిన మహిళా ప్రతినిధుల్ని సభలో కూర్చోనివ్వలేదు, విడిగా ఒక పక్కన కూర్చుని వినమన్నారు. బానిసల విముక్తి కోసం పెట్టిన సభలో! అక్కడ కలిసిన లుక్రీషియా మాట్, ఎలిజబెత్ కేడీ స్టాంటన్ ఎనిమిదేళ్ల తర్వాత, 1848 జూలైలో, న్యూయార్క్ రాష్ట్రంలోని సెనెకా ఫాల్స్‌లో సొంతంగా సభ పెట్టారు. ఓటు హక్కు అడుగుదామంటే ఆ సభలోనే చాలామంది జంకారు, జనం మనల్ని చూసి నవ్వుతారన్నారు. బానిసత్వం నుంచి తప్పించుకొచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ లేచి గట్టిగా మాట్లాడాకే ఆ తీర్మానం గట్టెక్కింది. చివర్లో వందమంది సంతకాలు చేశారు, 68 మంది ఆడవాళ్లు, 32 మంది మగవాళ్లు. ఫెమినిజమంటే మగవాళ్లని తిట్టడమే కదా అనేవాళ్లకి నేను ఈ 32 అంకె చెప్తుంటాను. ఆ వందలో షార్లెట్ వుడ్‌వర్డ్ అనే 18 ఏళ్ల అమ్మాయి కూడా ఉంది, ఇంట్లో కూర్చుని చేతి తొడుగులు కుట్టేది.

నాకు బాగా నచ్చిన సంతకాలు మాత్రం న్యూజిలాండువి. 1893లో కేట్ షెపర్డ్, ఆవిడతో ఉన్నవాళ్లు ఓటు కోసం ఇంటింటికీ తిరిగి సేకరించిన కాగితాలు ఐదొందలకు పైనే, పాతిక వేల పైచిలుకు పేర్లు. వాటిని ఒకదాని కింద ఒకటి అతికించి, చీపురు కర్ర ముక్కకి చాపలా చుట్టారు. విప్పితే 270 మీటర్లు. జాన్ హాల్ అనే సభ్యుడు దాన్ని పార్లమెంటులోకి తెచ్చి సభ మధ్య దారిలో దొర్లించాడు, అది విప్పుకుంటూ విప్పుకుంటూ పోయి అవతలి గోడకి ఠప్పున తగిలిందట. ఆ ఏడాది సెప్టెంబరులో ఓటు వచ్చింది. దేశం మొత్తమ్మీద ఆడవాళ్లందరికీ జాతీయ ఎన్నికల్లో ఓటిచ్చిన మొదటి దేశం అదే. పోటీ చేసే హక్కు మాత్రం 1919 దాకా ఇవ్వలేదు.

ఇదంతా పాతకాలం ముచ్చట అనుకుంటారేమో. ఫ్రాన్స్‌లో పెళ్లయిన ఆడవాళ్లు భర్త అనుమతి లేకుండా ఉద్యోగం చేయడానికి, సొంత పేరుతో బ్యాంకు ఖాతా తెరవడానికి చట్టం ఒప్పుకున్నది 1965లో. స్విట్జర్లాండ్ జాతీయ ఎన్నికల్లో ఓటిచ్చింది 1971లో. అక్కడ ఆపెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ అనే చిన్న ప్రాంతంలో మగవాళ్లు బహిరంగ మైదానంలో చేతులెత్తి ఓటేసేవారు, నడుముకి కత్తి ఉంటే అదే ఓటరు కార్డు. వాళ్లు ఎన్నిసార్లు అడిగినా ఆడవాళ్లకి స్థానికంగా ఓటు వద్దన్నారు, 1990లో అత్యున్నత న్యాయస్థానం ఇవ్వాల్సిందేనన్నాక తప్పలేదు. 1990 అంటే నిన్నగాక మొన్న.

మచ్చ లేని చరిత్రేం కాదు ఇది. అమెరికాలో 1920లో ఓటొచ్చిందని పండగ చేసుకున్నారు గానీ, దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి మహిళల్లో చాలామందికి అది చేతికందడానికి 1965 చట్టం రావాల్సొచ్చింది. ఉద్యమంలోని తెల్ల నాయకురాళ్లు కొందరు మమ్మల్ని ముందు పోనివ్వండి అని వాళ్లని పక్కకి నెట్టారు కూడా. 1976లో ఒక కోర్టు తీర్పు ఉంది. ఒక కార్ల కంపెనీ 1964కి ముందు నల్లజాతి ఆడవాళ్లని దాదాపు తీసుకోలేదు, తర్వాత తీసుకున్నవాళ్లని చివర్లో చేరారు కాబట్టి ముందు మీరే పొండి అని తీసేసింది. వాళ్లు కేసు వేస్తే కోర్టు ఏమందంటే, కంపెనీలో ఆడవాళ్లున్నారు కాబట్టి స్త్రీ వివక్ష లేదు, జాతి వివక్షని వేరే కేసులో చూసుకోండి అంది. కంపెనీలో ముందు నుంచీ ఉన్న ఆడవాళ్లు తెల్లవాళ్లు, నల్లవాళ్లేమో మగవాళ్లు. రెండూ అయినవాళ్ల గోడు ఏ లెక్కలోకీ రాలేదు. ఈ తీర్పు పట్టుకునే 1989లో కింబర్లే క్రెన్‌షా అనే న్యాయశాస్త్ర ప్రొఫెసర్ 'ఇంటర్‌సెక్షనాలిటీ' అనే మాట తెచ్చింది. నోరు తిరగని మాటే, చెప్పేది మాత్రం ఇంతే.

సరే, జీతం దగ్గరకొద్దాం, మన అమ్మాయి ఏడ్చింది దానికే కదా. "అతనికి ఇల్లు గడవాలి" అన్నది ఆ మేనేజర్ సొంత తెలివి కాదు, కర్మాగారాలు పుట్టినప్పటి నుంచి ఉన్న వాదనే. మగవాడి జీతం ఇంటికి, ఆడదాని జీతం చేతి ఖర్చుకి అని. 1968లో లండన్ పక్కన డాగెన్‌హామ్ కార్ల ఫ్యాక్టరీలో సీటు కవర్లు కుట్టే 187 మంది మహిళలు మిషన్లు ఆపేశారు. కారణం, వాళ్ల పనికి నైపుణ్యం అక్కర్లేదని కింది గ్రేడులో వేశారు. మూడు వారాలు కుట్టు ఆగేసరికి సీట్లు లేవు, సీట్లు లేక కార్లు లేవు. జీతం పెంచారు, 1970లో సమాన వేతన చట్టం కూడా వచ్చింది. కానీ వాళ్లడిగిన అసలు సంగతి, కుట్టడం కూడా నేర్చుకుని చేసే పనే అని ఒప్పుకోవడానికి ఇంకో సమ్మె, 1984 దాకా టైమూ పట్టింది.

ఐస్‌లాండ్‌లో 1975 అక్టోబరు 24న జరిగింది ఇంకా సరదాగా ఉంటుంది. దేశంలో తొంభై శాతం ఆడవాళ్లు ఆ రోజు ఆఫీసు పనే కాదు, ఇంటి పని కూడా మానేశారు. తండ్రులు పిల్లల్ని వెంటేసుకుని ఆఫీసులకెళ్లారు, రేడియోలో వార్తలు చదువుతుంటే వెనక పిల్లల గోల వినిపించిందట, తేలిగ్గా వండుకోవచ్చని అందరూ ఎగబడడంతో సాసేజ్‌లు అయిపోయాయట. సమ్మె అనకుండా 'సెలవు' అన్నారు, జీతాలు కోస్తారని భయపడేవాళ్లు కూడా వస్తారని. ఐదేళ్లకి అక్కడ విగ్దీస్ అనే మహిళ దేశాధ్యక్షురాలిగా ఎన్నికైంది.

ఇప్పుడు సంతకాల గొడవ చాలా చోట్ల తీరింది, మిగిలినవి కాగితం మీద కనపడనివి. ఆర్థికవేత్త క్లాడియా గోల్డిన్‌కి 2023లో నోబెల్ వచ్చింది ఇలాంటి లెక్కలు తీసినందుకే. సంపన్న దేశాల్లో ఒకే పని చేసే ఆడా మగా జీతాల మధ్య తేడా ఎక్కువగా మొదటి బిడ్డ పుట్టాకే మొదలవుతోందని తేల్చింది. దీనికి చట్టం ఒక్కటే సరిపోదు. ఇంట్లో మగవాళ్లు గిన్నెలు కడిగితే మనం "సాయం చేస్తాడు" అంటాం చూశారా, నేనూ అంటాను, ఆ 'సాయం' అన్న మాటలోనే పని ఎవరిదో ముందే రాసేసి ఉంది.

ఇదంతా ఆ అమ్మాయికి పంపాను. చాలాసేపు రిప్లై లేదు. రాత్రి పదకొండింటికి ఒక్క ప్రశ్న వచ్చింది.

"మరి ఆ చేతి తొడుగులు కుట్టే అమ్మాయి ఓటేసిందా అక్కా?"

సెనెకా ఫాల్స్‌లో సంతకం పెట్టిన ఆడవాళ్లలో 1920 దాకా బతికున్నది ఆమె ఒక్కతే. అప్పటికి తొంభై ఏళ్లు. ఓటు రోజున ఒంట్లో బాగోక వెళ్లలేకపోయింది.